రెండు కార్లకు పెండ్లిచూపులు

బోధన్ నుంచి రెంజల్ దాకా, చెరుకుతోటల పొడవునా ఒక నమ్మకం చాలాకాలంగా పాతుకుపోయి ఉంది: ముష్తాక్ కూపేలో అత్తగారింటికి పోయిన పిల్ల పుట్టింటికి తిరిగి రాదు. ఆ కారులో సాగనంపిన కాపురం చెడదని దీని భావం. నమ్మేవాళ్ళలో మాజీ సర్పంచులున్నారు, లెక్కల మాస్టర్లున్నారు, భార్యతో మాట్లాడి పదేళ్ళయిన ఒక వకీలు కూడా ఉన్నాడు.

సిద్దిరాములు ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి ఆరేళ్ళయింది. ఆయన చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు చెరుకురసంలో తీపి శాతం తేల్చిన కెమిస్టు. ఆయన రిటైరయ్యాడు, తర్వాత ఫ్యాక్టరీయే మూతపడింది, తేల్చే అలవాటు మాత్రం ఆయనను వదల్లేదు. ఒక పొడుగాటి నోటుబుక్కులో నిలువు గీతలు కొట్టి, కూపేలో సాగనంపిన ఆడపిల్లల్లో తనకు ఆచూకీ దొరికిన నలభై ముగ్గురినీ వరుసగా రాశాడు. వాళ్ళలో ఐదుగురు తిరిగి వచ్చేశారు. పోలిక కోసం జీపుల్లో, ట్రాక్టర్లలో, మామూలు కార్లలో పోయిన మరో నలభై ముగ్గురిని రాశాడు. వాళ్ళలో ఆరుగురు తిరిగి వచ్చేశారు. కారుకూ కాపురానికీ సంబంధం లేదని ఇంతకంటే స్పష్టంగా అంకెలు చెప్పలేవు.

ఈ ఫలితాన్ని ఆయన బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో ప్రకటించినప్పుడు అందరూ శ్రద్ధగా విన్నారు. విని, ఆరు కంటే ఐదు తక్కువే కదా అన్నారు. ఆ ఐదుగురి మాటేమిటని ఆయన నిలదీస్తే, ఒక్కొక్కరికీ ఒక్కో సమాధానం అప్పటికే తయారుగా ఉంది. ఒకామె పెండ్లినాడు కూపేలో ఎడమవైపు కాక కుడివైపు కూర్చుందట. ఒకామె ఆర్టీసీ బస్సులో తిరిగి వచ్చింది కాబట్టి ఆ రాకకు కూపే బాధ్యత వహించదట. మరొకామె పదకొండేళ్ళుగా తల్లిగారింట్లోనే ఉంటోంది. అయినా ఆమె బట్టల సందూక ఇంకా అత్తగారింట్లోనే ఉంది గనుక ఆమె తిరిగి వచ్చినట్టు లెక్క కాదట. మిగిలిన ఇద్దరి విషయంలో జాతకం కారు కంటే బలమైనదట.

ఆ కారులో మహిమ లేకపోయినా ఒక నిర్మాణ విశేషం ఉందని సిద్దిరాములు ఒప్పుకునేవాడు. దానికి తలుపులు రెండే. వెనక సీట్లో కూర్చున్న మనిషి దిగాలంటే ముందు సీట్లో ఉన్నవాడు మొదట దిగి, ఆ సీటు వీపును మడవాలి. పెండ్లినాడు ఆ ముందు సీట్లో పెండ్లికూతురి మేనమామ కూర్చుంటాడు. పిల్ల దిగిపోదామనుకున్నా దిగలేని బండిని జనం శుభప్రదమంటున్నారంటే, అందులో ఒక రకమైన తర్కం లేకపోలేదు.

కూపేది పెద్ద చరిత్రే. అరవైలలో బాయిలరు బిగించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీరొకడు తెచ్చుకున్న బండి అది. వెళ్ళిపోతూ తన కింద పనిచేసిన ఫిట్టరుకు ఇచ్చిపోయాడు. ఆ ఫిట్టరే ముష్తాక్ తండ్రి. మీగడ రంగు, గుండ్రటి నుదురు, వీపు మీదుగా ఏటవాలుగా జారే కప్పు. రేడియేటరు లేదు, నీళ్ళు అడగదు. ముష్తాక్ కూడా మెకానిక్కే, అరవై దాటినవాడు. దాని మూతలు ఎవరి ముందూ తెరిచే అలవాటు లేదు. తన బండి పేరును సిద్దిరాములు నోటుబుక్కులో పెట్టి కడిగేస్తున్నాడని తెలిసినా ఆయనకు కోపం రాలేదు.

"మీరు రాసుడు రాయుండ్రి కెమిస్ట్ సాబ్," అనేవాడు చాయ్ పోయించి. "మీరు ఎంత కాదంటే గంతమంది బండిని చూడొస్తుండ్రు."

ఈ ఏడు ఆ నమ్మకం సిద్దిరాములు సొంత బంధువుల గడపే తొక్కింది. రెంజల్‌లో ఉండే ఆయన అన్న కొడుకు సాయన్న, తన కూతురు దీక్షితకు వేల్పూర్ సంబంధం ఖాయం చేశాడు. పెండ్లికొడుకు సాయికుమార్ తండ్రి పసుపు రైతు. సాయికుమార్ హైదరాబాదులో పెద్ద కార్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరని చెప్పారు. చెప్పినవాళ్ళు ముగ్గురు: అతని తండ్రి, అతని మేనత్త, అతనే.

దీక్షిత నిజామాబాద్‌లో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. చూపులైన మూడోనాడు బస్సు దిగి నేరుగా సిద్దిరాములు ఇంటికి వచ్చి, ఒక చీటీ చేతిలో పెట్టింది.

"తాతా, ఇది ఆయన చెప్పిన కంపెనీ ఆఫీసు నంబర్. నేను చేస్తే పిల్లకు అప్పుడే అనుమానం మొదలైందని ఊరంత చెప్పుకుంటరు. నువ్వు ఒక్కసారి ఫోన్ చేసి గీ పేరున్నాయన ఉన్నడా లేడా అడుగు. ఉన్నడంటే నాకు ఏ పేచీ లేదు. లేడంటే ఈ పెండ్లి నేను చేసుకోను."

"మీ బాపు అడగలేదా?"

"బాపు గోత్రం అడిగిండు, భూమి అడిగిండు. బీపీ ఉందా అని గూడ అడిగిండు, అది వాళ్ళ నాన్నను. శాంపిల్ తీయకుంట రిపోర్ట్ రాస్తరా తాతా ఎక్కడన్న?"

ఆ చివరి వాక్యం సిద్దిరాములుకు ఎంత నచ్చిందంటే, చీటీ కంటే ముందు దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాడు. చీటీని అదే పేజీలో పెట్టాడు. తప్పకుండా చేస్తానన్నాడు. కానీ ఆ వారమే కూపేలో పోయిన నలభై నాలుగో పెండ్లికూతురు కందకుర్తి దగ్గర ఉన్నట్టు కబురు తెలిసింది. ఆమెను వెతుక్కుంటూ ఆయన మూడు బస్సులు మారాడు. మొదటిసారి దొరకలేదు, రెండోసారి పోయాడు. ఆమెకు మనవలున్నారు, కాపురం చక్కగా ఉంది, కూపేలో వాంతి చేసుకున్నట్టు గుర్తుంది. ఇదంతా వివరంగా రాసుకునేసరికి మూడు వారాలు గడిచాయి. చీటీ పేజీలోనే ఉండిపోయింది.

ఈలోగా కారు దగ్గర పేచీ వచ్చింది. వేల్పూర్ వాళ్ళకు ఓపెన్ టాప్ కారు కావాలి. నిజామాబాద్‌లో భానుప్రసాద్ అనే అతను హైదరాబాదు నుంచి ఎర్రటి కన్వర్టిబుల్ ఒకటి కొత్తగా తెచ్చి పెండ్లిళ్ళకు తిప్పుతున్నాడు. బటన్ నొక్కితే కప్పు ముడుచుకుని వెనక్కి పోతుంది. కొత్త జంట నలుగురికీ కనబడుతుంది. సాయన్న తల్లి హన్మవ్వ ససేమిరా అంది. ముష్తాక్ బండి లేకుంటే సాగనంపుడే లేదంది. ఏడెనిమిది ఫోన్ల తర్వాత పెద్దమనుషుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆదివారం మధ్యాహ్నం బోధన్‌లో ముష్తాక్ షెడ్డు ముందు రెండు కార్లనూ పక్కపక్కన నిలబెట్టి చూడాలి. ఏది నచ్చితే దానికి తాంబూలం ఇవ్వాలి. నాలుగున్నరకు రాహుకాలం, కాబట్టి అంతలోపు తేల్చాలి. పెండ్లికొడుకు స్వయంగా కార్ల ఇంజనీరు గనుక ఆఖరి మాట అతనిదే.

ఆదివారం మూడింటికి అందరూ చేరారు. ముష్తాక్ కూపేను ఇంటినుంచి నడుపుకుంటూ తెచ్చి నిలిపాడు. దాని పక్కన ఎర్ర కారు కప్పు తెరుచుకుని, నిజామాబాద్ నుంచి అద్దుకొచ్చిన దుమ్ముతో ఉంది. హన్మవ్వ పసుపుబట్టలో బియ్యం, కొబ్బరికాయ, ఖర్జూరాలు కట్టిన మూట తెచ్చింది. గెలిచిన కారుకు పెట్టవలసిన మూట. దాన్ని నేలమీద పెట్టకూడదు. కూపేకు డిక్కీ ఎక్కడో ఆమెకు తెలియదు, అందుకని భానుప్రసాద్‌తో ఎర్ర కారు డిక్కీ తెరిపించింది. ముడిచిన కప్పు అక్కడే దిగి ఉండడంతో జాగా తక్కువ. మధ్యలో పలచని అడ్డపలక ఒకటి.

"ఇంత పెద్ద కారుకు గింతే డిక్కీనా?" అని గొణిగి, ఆమె మూటను ఆ పలక కిందికి బలంగా తోసింది. ఎక్కడో టక్కుమంది. డిక్కీ మూశారు.

సిద్దిరాములుకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. చాయ్ వచ్చేలోపు ఆయన ఎర్ర కారు ముందు అరలో ఉన్న మాన్యువల్ తీసుకున్నాడు. అచ్చు కనబడితే చదవకుండా ఉండలేని మనిషి. ఆ పుస్తకం ఇంతవరకు ఎవరూ తెరిచినట్టు లేదు. అట్ట అంచులు కొత్తగా నిగనిగలాడుతున్నాయి.

చూపులు మొదలయ్యాయి.

"పుట్టుక ఎప్పటిది?" సాయన్న అడిగాడు.

"రెండువేల పదిహేడు మోడల్ అన్న," భానుప్రసాద్ వినయంగా చెప్పాడు.

"నీ చేతికి రాకముందు ఎవ్వలకాడ ఉండె?"

"ఇద్దరికాడ."

"వాళ్ళు ఎందుకు వదులుకున్నరు?"

"ఒకాయన ఫారిన్ పోయిండు. ఇంకొకామె టాపు తీస్తే ఎండ కొడ్తుందని అమ్మింది."

"ఎన్నడన్న దెబ్బ తాకిందా? దాచకుంట చెప్పాలె. రంగు పుట్టు రంగేనా, మీదికెళ్ళి పూసిందా?"

"పుట్టు రంగే అన్న. గోరు పెట్టి చూడు."

సాయన్న గోరు పెట్టి చూశాడు. హన్మవ్వ కారును జర నడిపించి చూపించమంది. భానుప్రసాద్ ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. నడక బాగుందిగానీ గొంతు వినబడలేదని ఆమె పెదవి విరిచింది. ముష్తాక్ కూపేను తిప్పాడు. దాని గొంతు పక్క వీధి దాకా వినబడింది, పొగ కూడా అందరికీ అందింది. కూపేకు వయసు ఎక్కువన్నాడు సాయికుమార్ తండ్రి. వయసున్నా ఒక్క ఇంట్లోనే మసలింది కదా అంది హన్మవ్వ. ఎర్రదానికి నెత్తిన కప్పు ఉండడం లేకపోవడం దాని ఇష్టమన్నట్టుంది, కుదురు లేదు అంది. కూపేలో ఏసీ లేదు, మే నెలలో పిల్ల ఉడికిపోతుంది అన్నాడు ఆయన. ఎర్ర కారులో పిల్ల ఎండిపోతుంది అంది ఈమె.

సిద్దిరాములు కుర్చీ వెనక నిలబడ్డ దీక్షిత వంగి మెల్లగా అడిగింది.

"ఇందుల ఒక్కటన్న సాయికుమార్‌ను అడిగిండ్రా తాతా?"

ఆయన మాన్యువల్‌లో పేజీ తిప్పాడు.

"ఫోన్ చేసినవా?"

"రేపు సోమవారం. ఆఫీసు తీసి ఉంటది."

"మూడు సోమవారాలు పోయినయి," అంది దీక్షిత. కోపంగా అనలేదు. ల్యాబులో కాలం చెల్లిన రసాయనం సీసా తీసి పక్కన పెట్టేటప్పుడు అనేలాగే అంది. ఆరేళ్ళ పరిశోధనలో సిద్దిరాములుకు తన పద్ధతి మీద తనకే అనుమానం వచ్చిన క్షణం అదే మొదటిది.

"ఇగ ఇంజనీర్ సాబే చెప్పాలె," అన్నాడు సాయన్న.

సాయికుమార్ ముందుకొచ్చాడు. తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, చేతిలో ఫోను. ఎర్ర కారు తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి, టైరును బూటు మొనతో నొక్కి, "పికప్ మంచిగుంటది" అన్నాడు. సాయన్న ఆ మాటను పక్కవాడికి మళ్ళీ చెప్పాడు. తర్వాత సాయికుమార్ కూపే ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బానెట్ తియ్యుండ్రి."

ముష్తాక్ అతని ముఖం వైపు చూశాడు. "ఏది బాబూ?"

"ముందటిదే. ఇంకేదుంటది?"

ముష్తాక్ ముందు మూత ఎత్తాడు. లోపల అదనపు చక్రం, జాకీ, చుట్టిన నమాజు చాప, స్టీలు టిఫిను ఉన్నాయి. సాయికుమార్ కళ్ళద్దాలు తీసి, వంగి, చాలాసేపు పరిశీలించాడు. నడుము నిటారు చేసుకుని అందరివైపూ తిరిగాడు.

"ఇంజన్ తీసేసిండ్రు," అన్నాడు.

ఆ కారు పది నిమిషాల కింద వాళ్ళందరి కళ్ళ ముందే చుట్టు తిరిగింది. దాని పొగకు సాయన్న ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

"మా ముందట్నే నడిచింది గద బాబూ," అన్నాడు సాయన్న మర్యాదగా.

"నడిస్తే నడవనియ్యుండ్రి. లోపల మాత్రం ఇంజన్ లేదు."

హన్మవ్వ కొంగు సర్దుకుని కూపేకు రెండు చేతులూ జోడించింది. "ఇంజన్ లేకుంట ఇన్నేండ్ల సంది నడుస్తున్నది. ఇంకేం నిదర్శనం కావాలె?"

సిద్దిరాములు మాన్యువల్‌లో వేలు పెట్టి లేచాడు. కూపే వెనక్కి పోయి రెండో మూత ఎత్తాడు. నూనె తడితో మెరుస్తున్న ఇంజను అక్కడ ఉంది. ఇంకా వేడిగా ఉంది.

"ఇగో ఇంజన్. ఈ బండికి పుట్టుకతోనే వెనక ఉంటది. గీ జాతి బండ్లన్నిటికి గంతే. కార్లు డిజైన్ చేసేటాయనకు ఈ సంగతి తెల్వకుంటే ఎట్ల, బాబూ?"

సాయికుమార్ తొణకలేదు. "నేనన్నదదే తాతా. ముందటికెళ్ళి తీసేసిండ్రు."

"చూసినవా కాక?" సాయన్న ముఖం వెలిగిపోయింది. "మనం పుట్టినకాడికెళ్ళి చూస్తున్నం, మనకు తెల్వలే. ఆయన మూత తీసుడుతోటే పట్టేసిండు."

దీక్షిత ముందుకొచ్చింది. "బాపు, గిప్పుడే ఆ కంపెనీకి ఫోన్ చేద్దాం. ఆదివారమైనా గేటు కాడ ఎవలో ఒకలుంటరు."

"డిజైన్ సైడు వేరే, ఇంజన్ సైడు వేరే," అన్నాడు సాయికుమార్. "మా సైడోళ్ళ పేర్లు గేటు కాడ ఉండవు."

"విన్నవు గద బిడ్డ," అన్నాడు సాయన్న. "కార్డులు పంచినం. ఇప్పుడు నలుగురి ముందట గీ మాటలు బాగుండవు. ఉద్యోగం ఇది కాకుంటే ఇంకోటి. ముందుగాల కారు సంగతి తేల్చుకుందాం."

సిద్దిరాములు సాయన్నను పక్కకు పిలిచి మూడు విషయాలు క్రమంగా చెప్పాడు. ఒకటి, ఇతనికి కార్ల గురించి ఏమీ తెలియదు. రెండు, తెలియదని ఒప్పుకునే గుణం కూడా లేదు. మూడు, ఉద్యోగం ఉందనడానికి ఇంతవరకు చూపిన ఆధారం ఒక్కటీ లేదు. సాయన్న మూడూ విన్నాడు.

"కాక, నువ్వు దేవుణ్ణే నమ్మవు," అన్నాడు. "మనిషిని ఏం నమ్ముతవ్?"

అప్పటికి పడమట మబ్బు దిగింది. ఎండాకాలం మొదట్లో వచ్చే చెడగొట్టు వాన, చెప్పకుండానే వస్తుంది. నాలుగూ పదికి మొదటి చినుకులు ఎర్ర కారు తోలు సీట్ల మీద పడ్డాయి. సాయికుమార్ తండ్రి వెంటనే ఫోన్ తీశాడు. వేల్పూర్‌లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కళ్ళంలో ఆరబోసి ఉన్నాయి.

"టాపు మూయి బాబూ," అన్నాడు సాయన్న, ఆ పని కూడా ఇంజనీరుదే అన్నట్టు.

సాయికుమార్ డ్రైవరు సీట్లో కూర్చుని బటన్ నొక్కాడు. ఒక ఎర్ర దీపం వెలిగింది. మూడుసార్లు బీప్ అంది. కప్పు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దీపం, మళ్ళీ మూడు బీపులు.

"ఎన్నడు గిట్ల చెయ్యలే," అన్నాడు భానుప్రసాద్, చినుకులకు సీటు మీద తువ్వాలు కప్పుతూ. "పొద్దున గూడ మంచిగనే పనిచేసింది."

సాయికుమార్ దిగి బానెట్ ఎత్తాడు. ఈ కారుకు ఇంజను ముందే ఉంది. దాన్ని చూసి అతను కొంత ఊరట పొందినట్టు కనబడ్డాడు. "ఇంజన్ చల్లారాలె," అన్నాడు. వాన పెరిగింది. అందరూ రేకుల షెడ్డు కిందికి చేరారు. ఎర్ర సీట్ల గుంటల్లో నీళ్ళు నిలవడం మొదలైంది. ఇంజను చల్లారింది. సాయికుమార్ పరుగున పోయి నొక్కి వచ్చాడు. కప్పు కదల్లేదు.

హన్మవ్వ షెడ్డు కింద నిలబడి తెరిచి ఉన్న ఆ కారును రెప్ప వేయకుండా చూస్తోంది.

"నాలుగుంబావు దాటింది," అంది. "రాహుకాలం లోపల మూసుకోకుంటే మాత్రం మంచిది గాదు సాయన్న. పిలగాని చెయ్యి పడ్డది, నెత్తిమీది నీడ పోయింది. పిల్లను గీ చేతిల పెడితే దానికి నీడెక్కడిది?"

అప్పుడు సిద్దిరాములుకు అర్థమైంది. మాన్యువల్‌లో కప్పు గురించిన అధ్యాయం ఆయన పూర్తిగా చదివాడు. డిక్కీలోని అడ్డపలక తన రెండు కొక్కేల మీద ఉండాలి. ఏ ఒక్క కొక్కెం నుంచి జారినా కప్పు కదలదు. ఎర్ర దీపం వెలుగుతుంది, మూడు బీపులు వినబడతాయి. డిక్కీ సందులోంచి పసుపుబట్ట కొస బయటకు కనబడుతోంది. మూట తీసి, పలకను కొక్కేనికి తగిలిస్తే సరిపోతుంది. అర నిమిషం పని.

ముష్తాక్ ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు. మెకానిక్ చూపు కూడా డిక్కీ మీదే ఉంది.

"కెమిస్ట్ సాబ్," అన్నాడు గొంతు తగ్గించి, "డిక్కీ ఒకసారి తీద్దామా?"

"ఆగు ముష్తాక్."

నలభై ఏళ్ళుగా సిద్దిరాములు లైబ్రరీ హాల్లో, పాఠశాలల్లో, బాణామతి భయం పట్టిన పల్లెల్లో ఒకే మాట చెబుతూ వచ్చాడు: తెలిసిన కారణాన్ని దాచేవాడు అబద్ధమాడేవాడితో సమానం. ఇంట్లో మాత్రం ఆయనను ఏ కారణమూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. గ్రహణం నాడు అన్నం ఎందుకు పారబోయనక్కర్లేదో ఆయనే అడక్కుండా చెప్పేవాడు. వాళ్ళు విని పారబోసేవారు.

"కాక," అన్నాడు సాయన్న, "నువ్వు ఆ కారు పుస్తకం గంటసేపు చదివినవు. టాపు ఎందుకు మూసుకుంటలేదో దాంట్ల ఉంటది గద. చెప్పు. నువ్వు కారణం చెప్తే అవ్వ గూడ కాదనదు."

"చెప్పు మరిదీ," అంది హన్మవ్వ. "కారణముంటే నాకు పట్టింపు లేదు. మిషన్ అన్నంక సవాలక్ష ఉంటయి."

అందరూ ఆయనవైపు తిరిగారు. దీక్షిత కూడా తిరిగింది. ఆమె చూపు ఆయన ముఖం మీద లేదు. మాన్యువల్‌లో ఆయన పెట్టుకున్న వేలి మీద ఉంది.

"ఆ పేజీలు ఒకదానికొకటి అంటుకపోయి ఉన్నయి," అన్నాడు సిద్దిరాములు. "చదవరాలే."

వేలు తీసి, పుస్తకం మూశాడు.

నాలుగున్నర అయింది. హన్మవ్వ వానలోనే పోయి, భానుప్రసాద్‌తో డిక్కీ తెరిపించి, తన మూట గుంజుకుని కొంగు కింద పెట్టుకుని వచ్చింది. "ఈ సంబంధం వద్దు," అంది. కూతురు అడిగినా, చిన్నాన్న మూడు విషయాలు క్రమంగా చెప్పినా కదలని సాయన్న, ఇప్పుడు తల ఊపాడు. అవ్వ అన్నంక ఇగ ఏముంటది అన్నాడు.

"కారు టాపు మూసుకోలేదని పెండ్లి ఆపుతరా మీరు?" అన్నాడు సాయికుమార్ తండ్రి.

ఆ రోజు ఆ ఆవరణలో పలికిన వాక్యాలన్నిటిలో తర్కానికి నిలిచేది అదొక్కటే. దానికి సిద్దిరాములు దగ్గర జవాబు ఉంది. ఆయన షెడ్డు రేకుల మీద వాన చప్పుడు వింటూ కూర్చున్నాడు. సాయికుమార్ తండ్రి మరికొంత సేపు వాదించేవాడే, కానీ కళ్ళంలో పసుపు తడిసిందని వేల్పూర్ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. తండ్రీకొడుకులు వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయారు. రెంజల్ వాళ్ళు బస్టాండుకు బయలుదేరారు. దీక్షిత పోతూ పోతూ సిద్దిరాములు చేతిలోంచి మాన్యువల్ తీసుకుని, పేజీలు వేలితో ఒక్కసారి గలగలలాడించి, కప్పు అధ్యాయం మీద కళ్ళు పరిగెత్తించి, డిక్కీ వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆయన ఒళ్ళోనే పెట్టింది.

"మంచిగ అంటుకపోయినయి తాతా," అంది.

వాన వెలిశాక ముష్తాక్ పాతగుడ్డతో ఎర్ర కారు తుడిచాడు. డిక్కీ లోపల తుడుస్తున్నట్టుగా చేయి పెట్టి పలకను కొక్కేనికి తగిలించాడు. భానుప్రసాద్ ఆఖరి ఆశగా బటన్ నొక్కాడు. కప్పు లేచి, ముందుకు సాగి, ఇరవై సెకన్లలో మూసుకుంది. భానుప్రసాద్ చేయి బటన్ మీదే ఉండిపోయింది.

"వాళ్ళు పోయినంకనే మూసుకుంది," అన్నాడు. "చూసినవా ముష్తాక్ భాయ్? నా బండికి ఆ సంబంధం పడలే."

ముష్తాక్ సిద్దిరాములువైపు చూశాడు. సిద్దిరాములు ప్లాస్టిక్ కుర్చీని మడతపడదని తెలిసినా మడవడానికి ప్రయత్నిస్తున్నాడు.

సోమవారం ఉదయం పదింటికి సిద్దిరాములు చీటీలోని నంబరుకు ఫోన్ చేశాడు. ఆ పేరుతో ఏ విభాగంలోనూ ఉద్యోగి లేడని, ఎన్నడూ లేడని చెప్పారు. నోటుబుక్కులో ఆయన ఇలా రాశాడు: "ఎర్ర కారు. కప్పు నాలుగూ పది నుంచి నాలుగున్నర దాకా మూసుకోలేదు. కారణం: డిక్కీ పలక ఎడమ కొక్కెం. కారణం తెలిసినవారు: ముగ్గురు. చెప్పినవారు: లేరు. పెండ్లి జరగలేదు."

ఆ వేసవిలో నిజామాబాద్‌లో సంబంధం ఖాయం చేసే ముందు పిల్లనూ పిలగాణ్ణీ భానుప్రసాద్ కారులో కూర్చోబెట్టి పిలగాడి చేత బటన్ నొక్కించడం మొదలైంది. వానాకాలం వచ్చేనాటికి ఇరవై ఆరు జంటలను కూర్చోబెట్టారు. ఇరవై ఆరుసార్లూ కప్పు మూసుకుంది. ఇరవై ఆరు సంబంధాలూ ఖాయమయ్యాయి. పెండ్లికూతుళ్ళలో ఇరవై ముగ్గురిని ముష్తాక్ కూపేలో సాగనంపారు. ఇరవై నాలుగో జంటలో పిలగాడిగా కూర్చున్నది వేల్పూర్ సాయికుమార్.